రాగి, ఇత్తడి సామానుకు చిలుము పట్టకుండా: దేనికి మైనం, దేనికి కళాయి, దేనికి ఉత్త పొడిగుడ్డ

దసరాకు పది రోజుల ముందు మా హనుమకొండ ఇంట్లో అటక మీది సామానంతా కిందికి దిగుతుంది. నాయనమ్మ నాటి రాగి కాగు, రెండు ఇత్తడి బిందెలు, గంగాళం, తాంబాళాలు, దీపపు కుందులు, పెంబర్తిలో కొన్న ఒక గోడ పలక. పొద్దంతా కూర్చుని చింతపండు, ఉప్పు వేసి తోమితే సాయంత్రానికి తళతళలాడతాయి. సద్దుల బతుకమ్మ వచ్చేలోపే మళ్లీ మబ్బు పడతాయి. తోమే పొడి మంచిది కాదేమోనని చాలా ఏండ్లు పొడులు మార్చుకుంటూ పోయాను.

తోమడం పట్టిన చిలుమును తీస్తుంది, అంతే. మళ్లీ పట్టకుండా ఆపే పని దానికి చేతకాదు. పైగా పుల్లటి వాటితో తోమిన రాగిని వెంటనే తుడవకపోతే తోమకముందుకంటే తొందరగా నల్లబడుతుంది. అప్పటిదాకా పైన ఉన్న పాత పొర పోయి, ఏ అడ్డూ లేని పచ్చి లోహానికి గాలీ తేమా నేరుగా తగులుతాయి కదా. కాబట్టి ఏ పొడి కొనాలన్నది తర్వాతి మాట. ముందు ఆ వస్తువు రోజూ దేన్ని తాకుతుందో చూడాలి. తాగే నీళ్లనా, పులుసునా, నూనెనూ నిప్పునూనా, లేక గోడకు వేలాడుతూ గాలిని మాత్రమేనా? ఒకదానికి మంచి చేసే పూత ఇంకోదానికి చెడు చేస్తుంది.

ఏది చిలుము, ఏది కాదు

రాగికి గాలి తగిలితే మొదట కుప్రస్ ఆక్సైడ్ అనే సన్నని ఎర్రటి పొర కడుతుంది. అది ముదిరి గోధుమరంగుకు, ఆ తర్వాత నలుపుకు తిరుగుతుంది. గాలిలో గంధకం ఉంటే నలుపు ఇంకా తొందరగా వస్తుంది. బొగ్గు పొగలో గంధకం ఉంటుంది. అందుకే గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు పొయ్యి వాడిన ఇండ్లలో ఇత్తడి ఊరికే నల్లబడటం వింత కాదు. ఉల్లిగడ్డ, కోడిగుడ్డు, రబ్బరు బ్యాండ్లు, ఉన్ని బట్ట, వీటన్నిటిలోనూ గంధకం ఉంది. చెంబుల మూతకు రబ్బరు బ్యాండు వేసి అటక మీద పెడితే ఆ బ్యాండు ఉన్నచోట నల్లటి గీత మిగులుతుంది.

సన్నగా, అంతటా ఒకే తీరుగా ఉన్న గోధుమ లేదా నలుపు పొరతో భయం లేదు. అది కింది లోహాన్ని కాపాడుతుంది. మన కాకతీయుల తొలి చరిత్రకు ఆధారాల్లో ఒకటి తూర్పు చాళుక్య దానార్ణవుడి మాగల్లు తామ్ర శాసనం, క్రీ.శ. 956 నాటిది. కాకతి గుండ్యన పేరు అందులో ఉంది. వెయ్యేండ్లు దాటినా రాగి రేకుల మీద అక్షరం చదవగలుగుతున్నామంటే, పై పొర గట్టిపడి లోపలిదాన్ని నిలబెట్టినందుకే. 1886లో న్యూయార్క్‌లో నిలిపిన స్వేచ్ఛా ప్రతిమ ఆకుపచ్చగా మారినా దాని రాగి తొడుగు ఇప్పటికీ గట్టిగా ఉంది. అదీ ఇలాంటి పొర చలవే.

భయపడాల్సింది వేరే పచ్చదనానికి. లేత ఆకుపచ్చ రంగులో, గోరుతో గీరితే పొడిలా రాలే చుక్కలు కనిపిస్తే అక్కడ లోహం తినబడుతోందని అర్థం. సాధారణంగా అక్కడ ఉప్పు దాగి ఉంటుంది. పాత కంచు విగ్రహాల్లో ఇది ఒకసారి మొదలైతే తీసినా మళ్లీ మళ్లీ లేస్తుంది. ఉప్పులోని క్లోరైడు, తేమ రెండూ దొరికినంతకాలం ఆ తినడం ఆగదు. అందుకే తాతల నాటి పూజా విగ్రహాలను ఉప్పుతో తోమొద్దని గట్టిగా చెబుతాను. చెక్కడాల సందుల్లో ఇరుక్కున్న ఉప్పు ఎన్ని నీళ్లు పోసినా పూర్తిగా పోదు.

ఊళ్లో ఇల్లున్నవాళ్లకు ఇంకొక మాట. పశువుల కొట్టానికి ఆనుకున్న గదిలో ఇత్తడి దాచకండి. బ్రిటిష్ జమానాలో మన దేశంలోనే సైన్యం ఇత్తడి తూటా తొడుగులను గుర్రపుశాలల్లో దాస్తే వానకాలం వచ్చేసరికి అవి నిలువునా పగిలేవి. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, వానకాలపు తేమ, రేకును సాగదీసినప్పుడు లోపల మిగిలిన బిగువు, ఈ మూడూ కలిసి చేసిన పని అది అని 1921లో పరిశోధకులు తేల్చారు. సుత్తెతో కొట్టి మలిచిన ఏ ఇత్తడి రేకులోనైనా ఆ బిగువు ఉంటుంది. నలుపైతే తోమితే పోతుంది, పగులుకు మందు లేదు.

తోమడానికి: చింతపండా, నిమ్మకాయా ఉప్పా, పొడా

చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం ఉంటాయి. రెండూ నల్లపొరను కరిగిస్తాయి, కింది లోహాన్ని పెద్దగా తినవు. ఉప్పు కలిపితే పని వేగం అవుతుంది. ఆ వేగానికి తగ్గట్టే ప్రమాదమూ పెరుగుతుంది. నున్నటి చెంబుకు, బిందెకు నిమ్మచెక్క మీద ఉప్పు అద్ది రుద్దినా పరవాలేదు. నగిషీ ఉన్నదానికి చింతపండు గుజ్జు ఒక్కటే చాలు. మెత్తటి పాత పళ్లబ్రష్‌తో రుద్దండి.

ఇత్తడిని మాత్రం పులుపులో నానబెట్టకూడదు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసినది. రాత్రంతా చింతపండు నీళ్లలో ఉంచితే జింకు బయటికి పోయి ఎర్రటి రాగి మచ్చలు తేలతాయి. కొందరు "ఇత్తడి రాగిలా అయింది" అని సంబరపడతారు. అది లోహం బలం పోవడం. రెండు మూడు నిమిషాలు రుద్ది కడిగేయాలి.

బూడిద జిడ్డు తీయడానికి మంచిది, అందులో క్షారం ఉంటుంది. కానీ జల్లెడ పట్టని బూడిద, ఇటుక పొడి, ఇనుప పీచు గీతలు పెడతాయి. ప్రతి గీతా తేమ నిలిచే కాలువే. బజారులో దొరికే తోముడు పొడుల్లో చాలావాటిలో పుల్లటి పదార్థంతో పాటు సన్నటి రాపిడి పొడి ఉంటుంది. నెలకోసారి పరవాలేదు. రోజూ వాడితే నగిషీ అరిగిపోతుంది. అసలు జిడ్డు మాత్రమే ఉన్నప్పుడు సబ్బు నీళ్లు సరిపోతాయి. నల్లబడని సామాను మీద పులుపు వాడటం నాకు నచ్చదు.

ఏది వాడినా ఆ తర్వాతి ఐదు నిమిషాలే మెరుపు ఎన్ని రోజులుంటుందో తేలుస్తాయి. మన వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పదనంతో, గట్టిగా ఉంటాయి. ఆ చుక్కలు ఆరిన చోట తెల్లటి మరక, దాని కింద మచ్చ. చివరి కడుగుడు ఫిల్టర్ నీళ్లతో చేయండి. వెంటనే పాత నూలు గుడ్డతో తుడవండి. ఆ మీద ఓ అరగంట ఎండలో పెట్టండి. "ఎండకు అవే ఆరుతాయి లే" అని తుడవకుండా పెడితే మరకలు ఖాయం. మా ఇంట్లో ఈ ఒక్క అలవాటు మారాక, ఏ పూతా లేకుండానే తాంబాళాలు పండుగ దాటేదాకా మెరుస్తున్నాయి.

తాగే నీళ్ల బిందె, బాటిల్

వీటి లోపల ఏ పూతా వద్దు. మైనం వద్దు, వార్నిష్ అసలే వద్దు. లోపల సన్నగా గోధుమరంగు రావడం సహజం. మంచినీళ్లకు దానితో ఇబ్బంది లేదు. పచ్చటి మరక కనిపిస్తే మాత్రం నిమ్మచెక్కతో రుద్ది, మూడుసార్లు కడిగి, పూర్తిగా ఆరబెట్టి అప్పుడు నీళ్లు పోయాలి.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో రాగి 0.05 మిల్లీగ్రాములు దాటకపోవడం మేలు. వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 2 మిల్లీగ్రాములు. రాత్రి పోసి పొద్దున తాగే మామూలు నీళ్లకంటే, పుల్లటివి పోసినప్పుడు రాగి ఎన్నో రెట్లు ఎక్కువ దిగుతుంది. రాగి బాటిల్‌లో నిమ్మరసం, మజ్జిగ పోసుకొని ఆఫీసుకు వెళ్లేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. కడుపులో తిప్పడం, వాంతులు దాని నుంచే వస్తాయి.

బాటిల్ బయటి వైపు కంపెనీ వాళ్లు వేసిన వార్నిష్ ఉంటే ఉండనివ్వండి. దాని మీద చింతపండు రుద్దితే మెరుపు రాదు, పూత మసకబారుతుంది. పూత ఉందో లేదో తెలియకపోతే అడుగున ఒక మూల నిమ్మచెక్క పెట్టి చూడండి. నిమిషంలో రంగు తేలితే పూత లేదు.

వండే గిన్నెకు కళాయి తప్ప వేరే ఆలోచన వద్దు

ఇత్తడి బోగాణిలో పప్పుచారు కాచుకోవాలంటే లోపల కళాయి ఉండాలి. కళాయి అంటే తగరం పూత. గిన్నెను బాగా తోమి, నిప్పుల మీద కాచి, నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) చల్లుతారు. గుప్పున తెల్లటి పొగ లేస్తుంది. ఆ వేడికి తగరం ముక్క తాకించగానే కరుగుతుంది, దూది ఉండతో గిన్నె అంతటా సన్నగా రుద్దుతారు. కళ్ల ముందే పసుపు గిన్నె వెండిలా మారుతుంది. చిన్నప్పుడు వాడకట్టులోకి కళాయి పోసేవాళ్లు వస్తే బడి మాని నిలబడి చూసేవాళ్లం.

ఈ పూతకు పులుపు భయం చాలా తక్కువ. భయం వేడితో. తగరం 232 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఖాళీ గిన్నెను పొయ్యి మీద మరిచిపోతే కళాయి ముద్దకట్టి ఒక పక్కకు చేరుతుంది. వేపుళ్లకు, పోపుకు వేరే బాండీ వాడుకోండి. ఇనుప గరిటె, గరుకు పీచు రెండూ కళాయిని గీకేస్తాయి, చెక్క గరిటె మేలు. లోపల ఎర్రటి లేదా పసుపు రంగు చుక్కలు కనబడటం మొదలైతే మళ్లీ పోయించే సమయం వచ్చినట్టే.

పోయించేటప్పుడు ధర బేరమాడండి కానీ తగరం విషయంలో రాజీ పడకండి. సీసం కలిపిన తగరం చవక, ఇంకా తేలిగ్గా కరుగుతుంది కూడా. సీసం ఒంట్లోకి పోతే పిల్లల మెదడుకు హాని. స్వచ్ఛమైన తగరమేనా అని మొహమాటం లేకుండా అడగండి. నమ్మకం కుదరకపోతే స్టీలు గిన్నెలో వండుకుని, ఇత్తడిది వడ్డించడానికి పెట్టుకోవడం మంచిది. పెరుగు, పులిహోర, పచ్చడి మాత్రం కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెలో ఒక గంట కూడా ఉంచొద్దు.

కుందులు, దీపాలు

కుందిలో పచ్చటి జిగురు పట్టడం చూసే ఉంటారు. నూనె పాతబడితే అందులోంచి కొవ్వు ఆమ్లాలు విడుదలవుతాయి. అవి రాగితో కలిసి ఒక రకం సబ్బులా మారతాయి. ఆ పచ్చ రంగు అదే. అంటే "కొబ్బరినూనె రాసి పెడితే చిలుము పట్టదు" అని చెప్పే చిట్కా నెల రోజులకు బాగానే ఉంటుంది. ఏడాదికి రాసిపెడితే అదే చిలుము తెస్తుంది, పైగా దుమ్మంతా అతుక్కుంటుంది. దీపాల మీద వార్నిష్, మైనం రెండూ మంటకు నిలవవు. ఒకటి మాడి నల్లగా అంటుకుంటుంది, ఇంకొకటి కరిగి కారుతుంది. దీపం కొండెక్కాక, వేడి తగ్గగానే మిగిలిన నూనె ఒంపి కాగితంతో తుడిచేయడమే దీనికి సరైన పద్ధతి. జిగురు ముదిరితే వేడినీళ్లు, వంటసోడా వేసి నానబెడితే వదులుతుంది.

చూడటానికి పెట్టుకున్నవి: మైనమా, వార్నిషా

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నేనూ ఇక్కడే చేశాను. జనగామ జిల్లా పెంబర్తిలో కాకతీయుల కాలం నుంచి వస్తున్న ఇత్తడి రేకు పని ఉంది, దానికి జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. అక్కడ కొన్న గోడ పలక మా హాల్లో ఉండేది. మెరుపు అలాగే ఉండిపోవాలని జులై నెలలో, ముసురు పట్టిన రోజున, చింతపండుతో తోమి ఉత్త చేతులతో పట్టుకుని, పారదర్శక వార్నిష్ స్ప్రే కొట్టాను. పూత పాలు కలిపినట్టు తెల్లబడింది. అది గాలిలోని తేమ చేసిన పని. దసరా నాటికి పూత కింద నా వేలిముద్రలు గోధుమరంగులో అచ్చు వేసినట్టు తేలాయి. చెమటలోని ఉప్పు పూతకూ లోహానికీ మధ్య చిక్కుకుంది. పైనుంచి ఎంత తుడిచినా పోదు. చివరికి అసిటోన్‌తో మొత్తం తీసి మళ్లీ మొదటికి రావలసి వచ్చింది. నగిషీ అంచులు కొంచెం మొద్దుబారాయి. ఆ పలకను చూసినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వార్నిష్ చెడ్డదని కాదు. సరిగ్గా వేస్తే ఏండ్ల తరబడి నిలుస్తుంది. ఆరుబయట ఉండే నేమ్‌ప్లేట్లకు, అందనంత ఎత్తున ఉండే వాటికి అదే మంచిది. బయటి విగ్రహాల కోసం ఇన్‌క్రాలాక్ అనే అక్రిలిక్ పూత ఉంది. అందులో బెంజోట్రయజోల్ అనే పదార్థం కలుపుతారు. అది రాగి ఉపరితలాన్ని పట్టుకుని కంటికి కనబడని అడ్డుపొర కడుతుంది. ఇది తిండి, నీళ్లు తాకే వస్తువుల దగ్గరికి రాకూడదు. ఏ వార్నిష్ అయినా ఫిబ్రవరి, మార్చిలో, గాలి పొడిగా ఉన్నప్పుడు వేయించండి. చేతులకు గ్లవ్స్ ఉండాలి, పూతకు ముందు స్పిరిట్‌తో తుడవాలి, రెండు పలచటి పొరలు వేయాలి. ఇవి కుదరవనుకుంటే వార్నిష్ జోలికి వెళ్లొద్దు. ఎందుకంటే ఒక్కచోట గీత పడినా తేమ అక్కడినుంచి పూత కిందికి పాకుతుంది, అప్పుడు ఆ ఒక్క చోటు బాగుచేయడం ఉండదు, అంతా తీయాల్సిందే.

మైనం ఇంత మొండిది కాదు. తేనె మైనం పేస్టు గానీ, మ్యూజియంలలో వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం గానీ పలచగా రాసి, కాసేపాగి నూలు గుడ్డతో మెరిసేదాకా రుద్దాలి. వస్తువును ముందు ఎండలో కాస్త వెచ్చబెడితే మైనం సందుల్లోకి చక్కగా దిగుతుంది. దాని మెరుపు అద్దంలా కాకుండా మెత్తగా ఉంటుంది. నాకు అదే అందంగా అనిపిస్తుంది. మా హాల్లో నాలుగైదు నెలలకోసారి రాయాలి, వానకాలం ముందు ఒకసారి తప్పనిసరి. చెడితే స్పిరిట్‌తో తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. ఇంట్లో పెట్టుకునే అలంకరణ వస్తువుకు వార్నిష్, మైనం రెండింటిలో నా ఓటు మైనానికే. అటక మీద మూటకట్టి పెట్టేవాటికి ఏ పూతా అక్కర్లేదు. బాగా ఆరబెట్టి, నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో బిగుతు మూత డబ్బాలో పెడితే చాలు. ఉత్త ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి పెడితే లోపలి తేమ లోపలే ఉడుకుతుంది.

ఆదిలాబాద్ డోక్రా బొమ్మలకు మాత్రం తోమడమే వద్దు. వోజ్ కళాకారులు మైనపు నమూనా చుట్టూ మట్టి కట్టి పోత పోసిన ఆ బొమ్మల అందమంతా గీతల మధ్య నిలిచిన ముదురు రంగులోనే ఉంది. పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, మైనం పలచగా రాయండి.

బోరు మోటారు వైర్లు

వ్యవసాయం ఉన్నవాళ్లు ఇదొకటి చూసుకోవాలి. స్టార్టర్ డబ్బాలో రాగి వైరును అల్యూమినియం వైరుతో నేరుగా మెలిపెడితే, తేమ తగిలినప్పుడు అల్యూమినియం తినబడిపోతుంది, కనెక్షన్ వదులై కాలుతుంది. ఆ రెండింటి మధ్య బైమెటాలిక్ లగ్ (ఒక వైపు రాగి, ఇంకో వైపు అల్యూమినియం ఉండే జోడింపు ముక్క) వేయించండి. ఒట్టి రాగి లగ్‌కంటే తగరం పూత ఉన్న లగ్ ఎక్కువ కాలం వస్తుంది. ఇది ఎలక్ట్రీషియన్ చేతనే, మెయిన్ ఆపాకే చేయించాలి.

ఇక నాయనమ్మ కాగు. స్నానాలకు నీళ్లు కాగిన కాగు అది, కట్టెల పొగకు బయటంతా నల్లబడింది. మా చెల్లె దాన్ని బఫింగ్ చేయించి హాల్లో పెడదామంటుంది. నేను వద్దన్నాను. బఫింగ్ యంత్రం రుద్ది మెరుపు తెస్తూనే పలుచటి రేకునూ కొంత గీకి తీస్తుంది, సుత్తె దెబ్బల గుర్తులు చెరిపేస్తుంది. లోపల మాత్రం చింతపండుతో తోమి, గుడ్డతో తుడిచి, ఎండబెట్టాం. బయట మసిని పొడి గుడ్డతో దులిపి, ఆ నలుపు మీదనే ఒక పొర మైనం రాశాను. ఇప్పుడది అటక మీద నేలకు బోర్లించి లేదు. బోర్లిస్తే అంచు కింద తేమ నిలుస్తుంది. చెక్క పలక మీద పక్కకు ఒరిగించి, గాలి ఆడేలా మూతి బయటికి పెట్టి ఉంచాం.